బీపీ చూడటం: ముందు వేళ్లతో, తర్వాతే స్టెతస్కోప్‌తో

మనిషిని 5 నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. వీపు ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు, మాటలు వద్దు. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. కిందికి వేలాడితే రీడింగ్ పెరుగుతుంది.

కఫ్ (చేతికి చుట్టే గాలి పట్టీ) కింది అంచు మోచేతి మడతకు 2-3 సెం.మీ. పైన రావాలి. లోపలి రబ్బరు సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే ధమనిని మూయడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి, దాంతో లేని బీపీ కనిపిస్తుంది.

విద్యార్థులు తరచూ వదిలేసే మెట్టు ఇది, దయచేసి వదలకండి: మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి నింపండి. నాడి అందకుండా పోయిన అంకెను గుర్తుంచుకుని, గాలంతా వదిలేయండి. అర నిమిషం ఆగి, మోచేతి మడతలో బ్రాకియల్ ధమని కొట్టుకునే చోట స్టెతస్కోప్ ఆనించి, ఆ అంకెకు 30 మి.మీ. పైదాకా నింపండి. కొందరిలో శబ్దం మధ్యలో మాయమై మళ్లీ వస్తుంది. నాడి చూడకపోతే గాలి చాలినంత నింపక, ఆ రెండోసారి వచ్చిన శబ్దాన్నే సిస్టోలిక్ (బీపీలో పై అంకె) అనుకుని తక్కువ రాసేస్తారు.

సెకనుకు 2-3 మి.మీ. చొప్పున దించండి. నొక్కుకుపోయిన ధమనిలోంచి రక్తం దూసుకొచ్చినప్పుడు వినిపించే మొదటి టక్ టక్ సిస్టోలిక్. శబ్దం పూర్తిగా ఆగిన చోటు డయాస్టోలిక్ (కింది అంకె). 1905లో రష్యన్ వైద్యుడు కొరోత్కోవ్ వివరించిన శబ్దాలివి.

అనుమానం వస్తే సగంలో మళ్లీ గాలి కొట్టకండి. పూర్తిగా వదిలి, నిమిషం ఆగండి. పాదరసం స్కేలుపై ఒక్కో గీత 2 మి.మీ., కాబట్టి రికార్డులో 125 అని రాయకండి. 124 లేదా 126 రాయండి.