లూజ్, లూస్ తికమక నాకెలా తీరిందంటే

"ఈ ఫైలు పోగొట్టుకోవద్దు" అని ఆఫీసు మెయిల్‌లో ఇంగ్లీషులో రాస్తూ, లూజ్ అన్న మాటకి రెండు 'ఓ'లు పెట్టేశాను. అలా రాస్తే అర్థం 'వదులు'. పంపాక చూసుకుని ఆ రోజంతా టెన్షన్ పడ్డాను. రెండూ సరైన స్పెల్లింగులే కాబట్టి స్పెల్‌చెక్ కూడా పట్టుకోలేదు.

అసలు కారణం మన మాటలోనే ఉందని తర్వాత తెలిసింది. చొక్కా వదులైతే మనం "లూజుగా ఉంది" అంటాం. ఇంగ్లీషులో వదులుగా ఉన్నదాన్ని 'లూస్' అనాలి, చివర 'స్' శబ్దం. 'లూజ్' అంటే పోగొట్టుకోవడం. నేను ఇన్నేళ్లూ తిరగేసి పలుకుతున్నాను! అందుకే స్పెల్లింగ్ బట్టీ పట్టడం మానేసి ముందు నోరు సరిచేసుకున్నాను. 'లూస్' అని పైకి అంటూ రెండు 'ఓ'లు, 'లూజ్' అంటూ ఒక్కటే రాసేదాన్ని. పోగొట్టుకున్నప్పుడు ఒక 'ఓ' కూడా పోయిందని గుర్తు పెట్టుకున్నాను.

అడ్వైస్, అడ్వైజ్ కూడా ఇలాగే లొంగాయి. 'స్' పలికితే సలహా, రాసేది 'సి'తో. 'జ్' పలికితే సలహా ఇవ్వడం, రాసేది 'ఎస్'తో.

బారో, లెండ్‌ల ఇబ్బంది వేరు. తెలుగులో రెండు చోట్లా 'అప్పు' వస్తుంది కదా. తీసుకుంటే బారో, ఇస్తే లెండ్.

అఫెక్ట్, ఎఫెక్ట్ దగ్గర మాత్రం ఇప్పటికీ ఆగి, డిక్షనరీ చూసే రాస్తాను.