నోట్లో ఉమ్మి ఎండిపోనివ్వకండి

నోటికి మొదటి కాపలా మౌత్‌వాష్ కాదు, మన ఉమ్మే. రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది, అందులోని లైసోజైమ్ అనే ఎంజైమ్ బ్యాక్టీరియా గోడల్ని పగలగొడుతుంది, లాక్టోఫెర్రిన్ అనే ప్రోటీన్ వాటికి కావలసిన ఇనుము దొరక్కుండా పట్టేసుకుంటుంది, హిస్టాటిన్లనే చిన్న ప్రోటీన్లేమో కాండిడా అనే ఫంగస్‌ని అదుపులో పెడతాయి. చిగుళ్ల సందుల్లోంచి క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు కూడా వస్తూనే ఉంటాయి.

నిద్రలో ఉమ్మి బాగా తగ్గిపోతుంది (పొద్దున్నే నోటి వాసన అందుకే), కాబట్టి రాత్రి బ్రష్ చేయడం మానొద్దు, చేశాక బిస్కెట్లూ గట్రా వద్దు. నోరు పొడిబారితే నీళ్లు తాగుతూ ఉండండి, చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలినా ఉమ్మి ఊరుతుంది. కొన్ని అలర్జీ, డిప్రెషన్ మందులు నోటిని ఎండబెడతాయి, అలాగని మీ అంతట మీరే ఆపేయకుండా డాక్టర్‌ని అడగండి. గుట్కా, సిగరెట్ సంగతి వేరే చెప్పాలా? నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే డెంటిస్ట్‌కి చూపించండి.