ఇంట్లోనే జాజ్ గానం – 5వ పాఠం: లేటుగా బయల్దేరి, టైముకు చేరడం

పోయిన పాఠంలో నాలుగు లెక్కపెడుతూ రెండు, నాలుగు మీద చప్పట్లు కొట్టాం. రెండు నిమిషాలు తడబడకుండా అది రాకపోతే ఈ పాఠం వచ్చేవారం చదవండి, తొందరేం లేదు.

ఈసారి గురువు అమెరికా నల్లజాతి జాజ్ గాయని బిల్లీ హాలిడే. 1915లో ఫిలడెల్ఫియాలో పుట్టి, బాల్టిమోర్‌లో పెరిగింది. చిన్నప్పుడు ఒకరింట్లో పనులు చేసిపెట్టి, కూలికి బదులు అక్కడి గ్రామఫోన్‌లో బ్లూస్ గాయని బెస్సీ స్మిత్, ట్రంపెట్ వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు విన్నానని ఆత్మకథలో చెప్పుకుంది. బెస్సీది హాలంతా నిండే గొంతు. బిల్లీది చిన్న గొంతు, స నుంచి పై స దాకా ఒక స్థాయి, ఇంకాస్త, అంతే. అందుకే లూయీ ట్రంపెట్ నుంచి ఆమె పట్టుకున్నది బలం కాదు, టైమింగ్.

బెస్సీ, లూయీ ఇద్దరూ ఒకే రికార్డులో దొరుకుతారు. 1925 జనవరి, 'సెయింట్ లూయిస్ బ్లూస్'. డ్రమ్స్ లేవు. హార్మోనియం ఒకటి, లూయీ కార్నెట్ (ట్రంపెట్ లాంటిదే), బెస్సీ గొంతు. ఆమె ఒక వరుస పాడి ఆపగానే ఆ ఖాళీలోకి కార్నెట్ వస్తుంది. మన దగ్గర ఒగ్గు కథ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు, కథకుడు మాట వదలగానే పక్కవాళ్లు అందుకుంటారు కదా. ముందు ఇది వినండి. తర్వాత 1937లో బిల్లీ పాడిన 'మీన్ టు మీ' వినండి. పియానో టెడ్డీ విల్సన్, శాక్సఫోన్ లెస్టర్ యంగ్ (ఆమెకు 'లేడీ డే' అని పేరు పెట్టింది ఈయనే). తాళం తన దారిన పోతుంటుంది, ఆమె మాట కాస్త వెనక నడుస్తుంది.

ఇప్పుడు సాధన. బతుకమ్మ ఆటలా చప్పట్లు కొడుతూ ఈ వరుస అనండి, దెబ్బకు ఒక ముక్క:

కాజీపేట – బండివచ్చె – ఉయ్యా – లో

పదిసార్లు సూటిగా అనండి. తర్వాత మొదటి దెబ్బ పడ్డాక నోరు మూసుకుని, సగం దెబ్బ గడిచాక 'కాజీపేట' మొదలుపెట్టండి. 'బండివచ్చె'ను కాస్త కుదించి, 'ఉయ్యా' మూడో దెబ్బ మీద సరిగ్గా పడాలి. లేటుగా బయల్దేరిన బండి కాజీపేటకు టైముకు చేరినట్టు.

ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. నోటితో పాటు చెయ్యి కూడా ఆగుతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం కొట్టే యాప్) నిమిషానికి 80 దెబ్బలకు పెట్టుకోండి. మా ఇంట్లో పాత ఫ్యాన్ టక్ టక్ చప్పుడే నాకు మెట్రోనోమ్.

హనుమకొండలో ఒక ఫంక్షన్‌లో నేనీ ప్రయోగం చేశాను. నేను మాట ఆపగానే తబలా అన్న మర్యాదకు నా కోసం ఆగాడు. ఆయన ఆగాడని నేను ఇంకా ఆగాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ ఉండగానే పాట చచ్చిపోయింది. పాడేవాళ్ల వెంట నడవడం ఆయన అలవాటు, తప్పు ఆయనది కాదు. ముందే "నా కోసం ఆగకన్నా" అని చెప్పుకోవాల్సింది నేను.

బిల్లీ మిగతా జీవితం క్లుప్తంగా: 1933లో క్లారినెట్ వాయించే బెన్నీ గుడ్‌మన్‌తో మొదటి రికార్డు, 1938లో ఆర్టీ షా నడిపిన తెల్లవాళ్ల బృందంలో గాయని, 1939లో నల్లవాళ్లను చెట్లకు వేలాడదీసిన ఘోరం మీద 'స్ట్రేంజ్ ఫ్రూట్'. ఆ పాటకు ఒక పాఠం విడిగా కావాలి. 1947లో మత్తుమందుల కేసులో జైలు. ఆ తర్వాత న్యూయార్క్ క్లబ్బుల్లో పాడే అనుమతి పోయింది. 1959లో, 44 ఏళ్లకు చనిపోయింది.

పోయేముందు ఏడాది వచ్చిన 'లేడీ ఇన్ శాటిన్' వినండి. గొంతు చిరిగిపోయింది. చాలామందికి ఆ రికార్డు నచ్చదు. నాకు మాత్రం అదే అసలు పాఠం, ఎందుకంటే టైమింగ్ ఒక్కటే మిగిలింది, అది చెక్కుచెదరలేదు. ఆ బొంగురును మాత్రం అనుకరించకండి, రెండు రోజుల్లో గొంతు పట్టేస్తుంది.

వచ్చే పాఠానికి కాజీపేట వరుసను ఫోన్‌లో రికార్డు చేసుకుని, కళ్లు మూసుకుని చప్పట్లు మాత్రమే వినండి. ఎక్కడ చెయ్యి ఆగిందో మీకే తెలుస్తుంది.