కాఫీతో తంటాలు: తేడా ఎక్కడ కొడుతోంది?

సమస్య: పదకొండింటికి పడుకున్నా ఒంటిగంట దాకా నిద్ర రావట్లేదు.

కారణం: చాలాసార్లు సాయంత్రం ఐదింటి కప్పే. మెదడులో పగలంతా అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. కళ్ళు మూతలు పడేది దానివల్లే. కాఫీలో ఉండే కెఫీన్ వెళ్ళి అడినోసిన్ కూర్చోవాల్సిన చోట్లో కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, మనకి తెలియదంతే. తాగిన కెఫీన్‌లో సగం కరగడానికే సుమారు 5 గంటలు పడుతుంది. అంటే ఐదింటి కాఫీలో సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. "నేను తాగినా హాయిగా పడుకుంటాను" అనేవాళ్ళున్నారు. పడుకుంటారు సరే, పొద్దున తేలిగ్గా లేస్తున్నారా?

పరిష్కారం: కప్పులు తగ్గించేముందు గడియారం చూడండి. వారం పాటు ఆఖరి కప్పు మధ్యాహ్నం రెండు లోపే ముగించండి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలో కెఫీన్ ఇంకా నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి వాళ్ళు ఇంకాస్త ముందే.

సమస్య: సెలవు రోజునే తలనొప్పి.

కారణం: ఆలస్యంగా లేచారు, రోజూ ఏడింటికి పడే కాఫీ పడలేదు. మానేసిన 12 నుంచి 24 గంటల్లో ఈ నొప్పి మొదలవుతుంది. నేనొకసారి పంతం పట్టి ఒక్కసారిగా మానేశాను. రెండోరోజు కణతలు పట్టుకుని కూర్చుంటే, ఇంట్లోవాళ్ళు మాట్లాడినా చిరాకే.

పరిష్కారం: రెండు మూడు రోజులకోసారి పావు కప్పు చొప్పున తగ్గించండి. కొన్ని తలనొప్పి మాత్రల్లో కూడా కెఫీన్ ఉంటుంది, అట్ట వెనక చదవండి.

సమస్య: గుండె దడ, చేతుల వణుకు, ఊరికే టెన్షన్.

కారణం: కెఫీన్ అడ్రినలిన్‌ని, అంటే కంగారులో ఒంట్లో ఊరే హార్మోన్‌ని పెంచుతుంది. ఒళ్ళు కంగారు పడితే మనసూ దాని వెంటే పోతుంది.

పరిష్కారం: ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 400 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదంటారు, గర్భిణులకి 200. మామూలు కప్పులో దాదాపు 100 ఉంటుంది. టీ, కోలా, ఎనర్జీ డ్రింకులూ ఈ లెక్కలోకే వస్తాయి. ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్ళు మెల్లగా తగ్గించి, రెండు వారాలు పూర్తిగా ఆపి చూడటం మంచిది. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం ఈ ప్రయోగాలొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

సమస్య: కడుపులో మంట.

పరిష్కారం: పరగడుపున తాగకండి. డీకాఫ్‌కి, అంటే కెఫీన్ తీసేసిన కాఫీకి మారినా కొందరికి మంట తగ్గదు, అది కూడా ఆమ్లాన్ని ఊరిస్తుంది. రక్తహీనత ఉన్నవాళ్ళు భోజనానికీ కాఫీకీ మధ్య గంటైనా ఎడం ఉంచాలి. లేకపోతే తిన్న ఐరన్ సరిగా ఒంటికి పట్టదు.