మెనింజైటిస్ రెండోసారి వచ్చినప్పుడు: కాంప్లిమెంట్ లోపాన్ని గుర్తించడం ఎలా

మెనింగోకాకస్ బ్యాక్టీరియా వల్ల మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ఒకే మనిషికి రెండోసారి వస్తే, దాన్ని తలరాతగా సరిపెట్టుకోకూడదు. రక్తంలోని కాంప్లిమెంట్ వ్యవస్థను పరీక్షించి తీరాలి. ఎక్కువగా కాలేయంలో తయారై, క్రిములతో పోరాడే ముప్పైకి పైగా ప్రోటీన్ల గొలుసు ఇది. అందులో సీ5 నుంచి సీ9 వరకు ఉన్నవి ఒకటిగా చేరి బ్యాక్టీరియా పొరకు రంధ్రం చేస్తాయి. మెనింగోకాకస్‌ను చంపడానికి శరీరం ప్రధానంగా ఆ రంధ్రం మీదే ఆధారపడుతుంది కాబట్టి, వీటిలో ఒక్కటి లేకపోయినా మనిషి మిగతా విషయాల్లో ఆరోగ్యంగానే ఉండి, ఈ ఒక్క క్రిమికి మాత్రం పదేపదే లొంగిపోతాడు.

అనుమానించడానికి వేరే దారులూ ఉన్నాయి. పసివయసు నుంచి న్యుమోకాకస్ వంటి చీముపట్టించే ఇన్‌ఫెక్షన్లు తీవ్రంగా, మళ్లీమళ్లీ వస్తుంటే సీ3 లోపం గుర్తుకు రావాలి. చిన్నపిల్లల్లో లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బు) కనిపిస్తే సీ1క్యూ, సీ4 లోపాలను వెతకాలి. ముందుగా కుటుంబ చరిత్రను ఓపికగా అడగండి. పుట్టుకతో వచ్చే ఈ లోపాల్లో చాలావాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపభూయిష్ట జన్యువులు కావాలి. అందుకే మేనరికపు పెళ్లిళ్లున్న మన కుటుంబాల్లో ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ. ఈ గొలుసులోని మరో ప్రోటీన్ అయిన ప్రాపర్డిన్ లోపం మాత్రం తల్లి ద్వారా మగపిల్లలకు సంక్రమిస్తుంది. ‘మేనమామ చిన్నతనంలో ఒక్కరోజు జ్వరంతో పోయాడు’ అనే మాట వినబడితే దాన్ని తప్పక రాసుకోవాలి.

పరీక్షల్లో తరచుగా జరిగే పొరపాటు, సీ3, సీ4 మాత్రమే చేయించి అవి బాగున్నాయని ఊరుకోవడం. సీ6 పూర్తిగా లేని మనిషిలో కూడా ఆ రెండూ మామూలుగానే ఉంటాయి. కావలసినవి గొలుసు మొత్తం పనితీరును కొలిచే సీహెచ్50, ఏహెచ్50 పరీక్షలు. గొలుసు మొదలయ్యే రెండు దారుల్లో ఒక్కో పరీక్ష ఒక్కో దారిని చూస్తుంది. నమూనా విషయంలో మరింత జాగ్రత్త అవసరం: రక్తం గడ్డకట్టగానే సీరమ్‌ను (పైన మిగిలే ద్రవాన్ని) వేరుచేసి, మైనస్ 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టించి, డ్రై ఐస్‌లోనే ల్యాబ్‌కు పంపాలి. మన ఎండల్లో మామూలు పెట్టెలో ప్రయాణించిన సీరమ్‌లో ఈ ప్రోటీన్లు క్షీణించి, లేని లోపం ఉన్నట్టు ఫలితం రావచ్చు. జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో కూడా ఇవి ఖర్చయిపోయి తక్కువగా కనిపిస్తాయి కనుక, కోలుకున్న కొన్ని వారాలకు మళ్లీ పరీక్షించనిదే ఎవరికీ లోపం ఉందని తేల్చకూడదు.

రెండు పరీక్షలూ సున్నాకు దగ్గరగా ఉంటే లోపం సీ3లో గాని, సీ5 నుంచి సీ8 వరకు గాని ఉంటుంది. సీ9 లేనప్పుడు సీహెచ్50 తగ్గుతుందే తప్ప సున్నా కాదు. సీహెచ్50 మాత్రమే సున్నా అయితే సీ1, సీ2, సీ4లను, ఏహెచ్50 మాత్రమే తగ్గితే ప్రాపర్డిన్, ఫ్యాక్టర్ బి, ఫ్యాక్టర్ డిలను విడివిడిగా కొలిపించాలి.

పుట్టుకతో వచ్చిన లోపంలో సాధారణంగా ఒక్క ప్రోటీనే మాయమవుతుంది. తర్వాత వచ్చిన లోపంలో అనేకం కలిసి తగ్గుతాయి. లూపస్ ఉధృతంగా ఉన్నప్పుడు సీ3, సీ4 రెండూ పడిపోతాయి. గొంతు లేదా చర్మపు స్ట్రెప్టోకాకస్ ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చే కిడ్నీ వాపులో తగ్గిన సీ3 సుమారు ఎనిమిది వారాల్లో కోలుకోవాలి. మూడు నెలలు దాటినా కోలుకోకపోతే నెఫ్రాలజిస్టును కలవాలి. సీ5ను అడ్డుకునే ఎక్యులిజుమాబ్ మందు వాడేవారిది మందు వల్ల వచ్చిన లోపం. మెనింగోకాకస్ టీకాలు వేసినా వారికి ముప్పు పూర్తిగా తొలగదు.

సీ1ను అదుపులో ఉంచే ప్రోటీన్ అయిన సీ1 ఇన్హిబిటర్ లోపం తీరు వేరు. దురద, దద్దుర్లు లేకుండా పెదవులు, గొంతు, పేగులు ఉబ్బుతాయి. అడ్రినలిన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో ఆ వాపు తగ్గదు. సీ4తో పాటు ఇన్హిబిటర్ పరిమాణాన్నీ పనితీరునూ రెండింటినీ కొలవాలి, ఎందుకంటే కొందరిలో పరిమాణం సరిగానే ఉండి పనితీరు మాత్రమే లోపిస్తుంది. నలభై దాటాక మొదలై, సీ1క్యూ కూడా తగ్గి ఉంటే లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) వంటి జబ్బు కోసం వెతకాలి. ఈ లోపం ఉన్నవారు వాపును రేపే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలను వైద్యుడి చేత వెంటనే మార్పించుకోవాలి.

సీ5–సీ9 లోపం నిర్ధారణయ్యాక ఎ, సి, వై, డబ్ల్యూ రకాలకు రక్షణనిచ్చే మెనింగోకాకస్ టీకా వేయించాలి. హజ్ యాత్రికులకు వేసేది ఈ రకమే. రెండేళ్లు దాటినవారికి కనీసం ఎనిమిది వారాల ఎడంతో రెండు మోతాదులు, ఆపై ఐదేళ్లకొక బూస్టర్ ఇవ్వాలి; ఏడేళ్ల లోపు మోతాదులు పూర్తయిన పిల్లలకు తొలి బూస్టర్ మూడేళ్లకే పడాలి. తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది కాబట్టి, వారు పూర్తి ఆరోగ్యంగా కనిపిస్తున్నా సీహెచ్50 చేయించాలి. లోపం పేరు, వేసిన టీకాల తేదీలు, ‘జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే రక్త కల్చర్ తీసి, ఫలితం కోసం ఆగకుండా సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి’ అన్న సూచన ఒక కార్డు మీద వైద్యుడి సంతకంతో రాయించుకుని, రోగి ఎక్కడికి వెళ్లినా దాన్ని వెంట ఉంచుకోవాలి.