కాలేజీ మెస్‌లో పిల్లల చేత కూర తినిపించడం ఎలా?

విద్యార్థులు కూరగాయలు తినడం లేదని తెలియగానే యాజమాన్యాలు చేసే మొదటి పని భోజనశాల గోడకు పోషకాల పట్టిక అంటించడం. ఆ పట్టికకు వీపు ఆనించి నిలబడి మిరపకాయ బజ్జీలు తింటున్న పిల్లలను ఈ గోదావరి డెల్టాలో చాలా మెస్‌లలో చూశాను. మార్చవలసింది గోడను కాదు, వడ్డించే బల్లను.

దీనికి కావలసినవి మూతలున్న రెండు పెద్ద స్టీలు బేసిన్లు, ఒక పలక, ఒక సుద్దముక్క, వంటమేస్త్రితో కూర్చుని మాట్లాడటానికి ఒక సాయంత్రం. ప్లాస్టిక్ బేసిన్లు పనికిరావు.

తేలిక పనులను ఒక్క రోజులో ముగించవచ్చు. క్యాంటీన్‌లో డబ్బులు తీసుకునే చోట చిప్స్ ప్యాకెట్ల దండలు తీసి అరటిపండ్ల బుట్ట పెట్టాలి. రావులపాలెం నుంచి వచ్చే చక్రకేళి అయితేనే పెట్టాలి, అదీ అత్తాలుగా కాకుండా ఒక్కొక్క పండుగా విడదీసి పెట్టాలి, ఎందుకంటే వెనుక పదిమంది నిలబడి ఉండగా అత్తం నుంచి పండు తుంచుకునే ఓపిక ఎవరికీ ఉండదు. ఫ్రిజ్‌లో మజ్జిగ కంటికి ఎదురుగా, శీతలపానీయాలు అడుగు అరలో ఉండాలి. ఊరగాయ జాడీని భోజనం బల్లల మీద నుంచి తీసి వరుస చివరకు చేర్చాలి. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది, చేతికి అందేంత దూరంలో ఆవకాయ ఉన్నప్పుడు ఆ లెక్క నిలవదు.

పలక మీద ‘ఆరోగ్యకరమైన’, ‘నూనె తక్కువ’ అన్న మాటలు రాయకూడదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ భోజనశాలలో ఒకే విధంగా వండిన కూరగాయలకు రోజుకొక తీరు పేరు పెట్టి చూశారు. 2017లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, నోరూరించే పేరు పెట్టిన రోజున మామూలు పేరున్న రోజుకంటే 25 శాతం ఎక్కువమంది, పథ్యం వాసన కొట్టే పేరున్న రోజుకంటే 41 శాతం ఎక్కువమంది వాటిని వడ్డించుకున్నారు. మనకు కొత్త పేర్లు కల్పించుకునే అవసరం లేదు: పాలు పోసిన ఆనపకాయ, ఆవ పెట్టిన అరటికాయ, కొబ్బరికోరు వేసిన బెండకాయ వేపుడు. అయితే పలక మీద కొబ్బరి ఉంటే కూరలోనూ ఉండాలి.

ఇక అందరూ చెడగొట్టే పని ఒకటుంది, అది వడ్డన వరుస మార్చడం. మన మెస్‌లలో కంచం తీసుకోగానే అన్నం పడుతుంది. రెండు హస్తాల (అన్నం వడ్డించే గరిటెల) అన్నం పడిన తరువాత మిగిలే అంచులో నిమ్మకాయంత కూర తప్ప పట్టదు. అందువల్ల కూర ముందు, పప్పు తరువాత, అన్నం మూడవ స్థానంలో రావాలి.

ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. సార్వా, దాళ్వా రెండు పంటలూ వరి పండే నేల ఇది, అన్నం తగ్గించారన్న మాట ఒకసారి పుట్టిందంటే ఇక ఏ వివరణా పనిచేయదు. ఒక హాస్టల్‌లో నేను వరుస మార్చిన రోజునే, నాకు తెలియకుండా అన్నం హస్తాన్ని కూడా చిన్నదిగా మార్చారు. రాత్రి భోజనానికి వచ్చిన పిల్లలు కంచాలు మోగించారు, మూడవ రోజుకు అన్నం తిరిగి మొదటికి వచ్చింది. పాత హస్తమే ఉండాలి, అన్నం గుండిగ వరుస మొదట నిలబడినవారికి సైతం కనిపించాలి, రెండవసారి అడిగినవారికి మారుమాట లేకుండా వేయాలి.

మొదట వచ్చే కూర ముద్దగానో వేపుడుగానో ఉండాలి. అన్నం లేని కంచంలో పులుసు కూర పోస్తే అంచు దాకా పారి, దాని మీద పడిన అన్నమంతా తడిసిపోతుంది, ఆ కంచాన్ని చూసిన పిల్లవాడు మరునాడు కూర దగ్గర ఆగడు. పులుసు, చారు అన్నం తరువాతే రావాలి.

వడ్డించేవారు ‘కూర వేయమంటావా బాబూ?’ అని అడగకూడదు. అడిగితే ‘వద్దండి’ అనడమే తేలిక. నిండు గరిటె ఎత్తి పట్టుకోవాలి, వద్దన్నవారికి వేయకూడదు. మొదటి వారం ఒక బేసిన్ కూర అదనంగా వండించాలి, ఎందుకంటే చివర వచ్చినవారికి ఖాళీ బేసిన్ కనిపిస్తే మార్పు మీద నమ్మకం పోతుంది. కోడికూర ఉండే ఆదివారం నాడు ఎప్పుడూ మొదలుపెట్టకూడదు, మంగళవారం మంచిది.

బజ్జీలు నిషేధిస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. బడుల ఆవరణలోను, గేటు నుంచి 50 మీటర్ల లోపలను కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలు అమ్మరాదన్న 2020 నాటి నిబంధన చిన్నపిల్లల కోసం చేసినది. కాలేజీ పిల్లవాడు ఆ దూరాన్ని బండి మీద అర నిమిషంలో దాటుతాడు. చిన్న కంచాల ఉపాయం కూడా చూశాను, రెండుసార్లు వరుసలో నిలబడి అంతే అన్నం తిన్నారు.

ఫలితాన్ని ఎంగిలి బకెట్‌లో చూడాలి. మార్పుకు ముందు రెండు వారాలు, తరువాత రెండు వారాలు, భోజనాలయ్యాక పారేసిన కూరను వేరుగా తూచి రాసుకోవాలి. బేసిన్ ఖాళీ అయి బకెట్ బరువు పెరిగితే తప్పు వరుసది కాదు, కూర రుచిది. అప్పుడు బల్లను కదపకుండా వంటమేస్త్రితో మరొక సాయంత్రం కూర్చోవాలి.