వానలు పడేలోపు ఇంట్లో టెర్రియర్ ఉన్నోళ్ళు చూసుకోవాల్సినవి

రోహిణి కార్తె అయిపోవచ్చింది, ఇంకొన్ని రోజుల్లో వైజాగ్‌లో వానలు మొదలైపోతాయి, కాబట్టి ఇంట్లో జాక్ రస్సెలో, యార్కీనో (అంటే యార్క్‌షైర్ టెర్రియర్), ఫాక్స్ టెర్రియరో ఉన్నవాళ్ళు, లేదా ఈ నెలలో కొనేద్దామని చూస్తున్నవాళ్ళు ఇది ఒకసారి చదివెయ్యండి. లాబ్‌కీ పగ్‌కీ చెప్పే జాగ్రత్తలు వీటికి సగమే సరిపోతాయి. ఎందుకంటే టెర్రియర్ అంటేనే ఎలకల వెంట, నక్కల వెంట బొరియల్లోకి దూరడానికి తరతరాలుగా పెంచుకొచ్చిన కుక్క. యార్కీలని 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ బట్టల మిల్లుల్లో ఎలకలు పట్టడానికి పెట్టుకునేవాళ్ళు, జాక్ రస్సెల్‌ని అయితే డెవన్‌లో జాన్ రస్సెల్ అనే పాస్టర్ గారు నక్కల వేటకోసం పెంచారు. మనం నెత్తిమీద రిబ్బన్ కట్టి సోఫాలో కూర్చోబెట్టినంత మాత్రాన ఆ బుద్ధి ఎక్కడికీ పోదు. ఇక మన దగ్గర వాన పడగానే గెడ్డలు పొంగుతాయి, కాలవల పక్కన బొరియల్లోకి నీళ్ళు వెళ్ళి ఎలకలూ పందికొక్కులూ సెల్లార్లోకి, మోటార్ రూమ్‌లోకి వచ్చేస్తాయి, వాటి వెనకాలే పాములు. మనకి చిరాకు, దానికి పండగ.

అందుకే మొదట చూడాల్సింది లెప్టో, అంటే లెప్టోస్పైరోసిస్ అనే ఎలకల జబ్బు. ఎలక ఉచ్చ పోసిన నీళ్ళల్లో ఈ బాక్టీరియా ఉంటుంది, కుక్క ఆ నీళ్ళు తాగినా, కాలికి చిన్న గీత ఉండి ఆ బురదలో నడిచినా ఎక్కేస్తుంది, లివర్నీ కిడ్నీల్నీ కొడుతుంది. జ్వరం, వాంతులు, తిండి మానెయ్యడం, కళ్ళూ చిగుళ్ళూ పచ్చబడటం. అన్నట్టు కుక్కకి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే, చెయ్యి పెట్టి చూసి ఒళ్ళు కాలిపోతోందని కంగారు పడకండి, ఒక డిజిటల్ థర్మామీటర్ దానికి విడిగా ఉంచుకోండి. ఇప్పుడే వ్యాక్సిన్ బుక్ తీసి, అతికించిన స్టిక్కర్ మీద లెప్టో అని ఉందో లేదో చూడండి, చాలామంది "అన్నీ వేయించేశాం" అంటారు గానీ అన్ని కాంబినేషన్లలో ఇది ఉండదు. మొదటిసారి అయితే రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాత ఏడాదికోసారి. పనిచెయ్యడానికి టైమ్ పడుతుంది కాబట్టి వీధిలో నీళ్ళు నిలిచాక పరిగెడితే లాభం లేదు. వ్యాక్సిన్ వేసినా అన్ని రకాల లెప్టో ఆగదు, అది కూడా గుర్తుంచుకోండి. ఇది మనుషులకీ వస్తుంది, కుక్కకి ఒంట్లో బాగోనప్పుడు దాని ఉచ్చ తుడవాలంటే గ్లౌజులు వేసుకోండి.

తర్వాతది ఎలకల మందు, నన్నడిగితే పాముల కన్నా దీనికే ఎక్కువ భయపడాలి. వాన మొదలవగానే అపార్ట్‌మెంట్లలో మందు పెట్టడం మామూలే, మా వాచ్‌మన్ అయితే మంచోడు, ముందే చెప్తాడు, "ఎలకల మందెట్టేం బాబూ, ఓ రెండ్రోజులు దాన్ని కిందకి తేకండి" అని. కానీ రెండ్రోజులతో అయిపోదు కదా, ఆ కేకు ముక్క మోటార్ వెనకాల గోడకీ పైపుకీ మధ్య నెల తర్వాత కూడా అలాగే ఉంటుంది, మనకి కనపడదు, టెర్రియర్ ముక్కుకి మాత్రం దొరుకుతుంది. మందు తిని మగతగా తిరుగుతున్న ఎలకని పట్టి తిన్నా ప్రమాదమే. బ్రోమాడియొలోన్ లాంటి కేకులు తింటే అదే రోజు ఏమీ తెలీదు, కుక్క హాయిగా ఆడుకుంటూ ఉంటుంది, కొన్ని రోజుల తర్వాత రక్తం గడ్డకట్టడం మానేసి చిగుళ్ళు తెల్లబోతాయి, ముక్కులోంచో విరేచనంలోనో రక్తం, ఆయాసం. తిన్నదని డౌట్ వస్తే చాలు, లక్షణాల కోసం చూడకుండా ఆ ప్యాకెట్ కవర్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి, దీనికి విటమిన్ కె1 అనే విరుగుడు ఉంది, వారాల తరబడి ఇస్తారు. అదే జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లటి పొడి అయితే వేరే కథ, కడుపులోకెళ్ళాక విషపు గ్యాస్ పుడుతుంది, విరుగుడు లేదు. ఏ మందు తిన్నదో తెలిస్తేనే డాక్టర్ ఏదన్నా చెయ్యగలరు కాబట్టి ఈ వారమే సొసైటీ గ్రూప్‌లో అడగండి, ఏ మందు పెడుతున్నారు, ఎక్కడెక్కడ పెడుతున్నారు అని. ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం లాంటి ఇంటి వైద్యాలు మాత్రం వద్దు.

కప్పల సంగతి చిన్నదే గానీ రోజూ ఉండేది. బోదురు కప్పని నోట కరిస్తే దాని కళ్ళ వెనకున్న గ్రంథుల్లోంచి విషం వస్తుంది, నోట్లోంచి నురగ కారిపోతుంది. తల కిందకి వంచి, నోటి పక్కనుంచి నీళ్ళు పోసి చిగుళ్ళు తుడిచి కడగండి, గొంతులోకి మాత్రం పొయ్యకండి. తూలినా, కొట్టుకున్నా వెంటనే ఆసుపత్రి.

ఇక పాములు. మధురవాడ, ఎండాడ, కంబాలకొండ పక్కన, సింహాచలం కొండ దిగువన ఉండేవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. వేరే కుక్కలు దూరం నుంచి మొరుగుతాయి, ఇది మాత్రం దగ్గరికెళ్ళి మొహం పెడుతుంది, అందుకే కాటు మూతి మీదో ముందుకాలి మీదో పడుతుంది. కరిస్తే కొయ్యడాలూ తాడు కట్టడాలూ ఏమీ వద్దు, నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్ళండి. మనుషులకి వాడే యాంటీ వెనమే కుక్కలకీ పనిచేస్తుంది, కానీ అన్ని క్లినిక్కుల్లో ఉండదు, ఏ క్లినిక్‌లో ఉంటుందో, రాత్రి ఎవరు ఫోన్ ఎత్తుతారో ఇప్పుడే కనుక్కుని నంబర్ సేవ్ చేసుకోండి. చీకటి పడ్డాక పొదల పక్కన లీష్ విప్పకండి, పిలిస్తే వచ్చేస్తుందిలే అనుకుంటారు, వాసన తగిలాక జాక్ రస్సెల్‌కి పేరు కూడా గుర్తుండదు. యార్కీకైతే మెడ బెల్టు బదులు హార్నెస్ వాడండి, వీటికి గొంతు గొట్టం బలహీనం, లాగితే దగ్గు మొదలవుతుంది.

పిడుదులు మన ఉక్కపోతలో ఏడాదంతా ఉండేవే, వానాకాలంలో చర్మం బాధ కూడా తోడవుతుంది. పిడుదు కాటు వల్ల వచ్చే టిక్ ఫీవర్లో జ్వరం, నీరసం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ముక్కు నుంచి రక్తం రావడం ఉంటాయి. చర్మం మీద వేసే స్పాట్ ఆన్ డ్రాప్స్ గానీ నమిలే టాబ్లెట్ గానీ బరువు చూసి డాక్టర్ రాసిందే వాడండి, మూడు కేజీల యార్కీకి పక్కింటి లాబ్ టాబ్లెట్ విరిచి పెట్టేవాళ్ళని చూశా, ఆ పని చెయ్యొద్దు. కర్పూరం కలిపిన కొబ్బరి నూనె రాయడం కూడా మానెయ్యండి, నాకితే కర్పూరం విషమే. పిడుదు గుడ్లు గోడ పగుళ్ళలో పెడుతుంది, కుక్క ఒళ్ళొక్కటే చూస్తే చాలదు, అది పడుకునే మూల గోడ కూడా చూడాలి. తడిసొస్తే తువ్వాలుతో పైపైన తుడిచేసి వదిలెయ్యకుండా వేళ్ళ సందులు, చెవి లోపలి మడత, చంకలు ఆరేదాకా చూడండి. యార్కీకి ఈ నాలుగు నెలలు పొడుగు జుట్టు అక్కర్లేదు, పొట్టిగా కట్ చేయించెయ్యండి, ఫొటోలు సంక్రాంతికి దిగొచ్చు.

కొత్తగా కొనేవాళ్ళకి నా మాట, వానాకాలం మధ్యలో కొనకండి, పార్వో (పిల్లలకి వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్) భయం ఒకటి, వ్యాక్సిన్లు పూర్తవ్వకుండా తడి నేల మీద తిప్పలేరు. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం పెట్టిన 2017 రూల్స్ ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు, ఎవరైనా నెలన్నర పిల్ల ఇస్తానంటే అక్కడే ఆగిపోండి. టీకప్ యార్కీ అని వేరే జాతేమీ లేదు, అదంతా రేటు పెంచడానికి. యార్కీ పిల్లలు నల్లగా గోధుమరంగు మచ్చలతో పుడతాయి, ఆ నీలి వెండి రంగు తర్వాత వస్తుంది, చిన్న పిల్లకే ఆ రంగుందంటే అనుమానించండి. వెస్టీకి (తెల్లగా ఉండే వెస్ట్ హైలాండ్ టెర్రియర్) చర్మం అలర్జీలు ఎక్కువ, మన గాలిలో తేమకి నేనైతే వద్దంటా. గెడ్డ పక్కన గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే జాక్ రస్సెల్ ఆలోచన మానుకోండి, మూడో అంతస్తు అయితే వేరే మాట, కానీ బాల్కనీ గ్రిల్ సందులు ముందు మూయించాలి.

అక్టోబర్, నవంబర్‌లో తుఫాన్లు కూడా ఉంటాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, అది చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వారానికి సరిపడా డ్రై ఫుడ్, తాగే నీళ్ళు, వాడుతున్న మందులు, వ్యాక్సిన్ బుక్ జిప్ కవర్‌లో. క్యారియర్‌లోకి ఎక్కడం ఇప్పటినుంచే అలవాటు చెయ్యండి, రోజూ ఒకపూట తిండి అందులోనే పెట్టండి, లేకపోతే ఆ గాలిలో మంచం కింద దూరిన టెర్రియర్‌ని బయటికి లాగడం ఎవరి వల్లా కాదు.